అమ్మ కాపలా కాసిన లాప్‌టాప్

కంప్యూటర్లంటే నాకు కోపం. వాటితోనే బతుకుతున్నాను కాబట్టి ఆ కోపానికి నాకు హక్కుందనుకుంటాను. కుప్పంలో ఒక కాలేజీ ఆఫీసులో నా పని. అక్కడ ఎవరి ప్రింటర్ మొరాయించినా, ఎవరి ఫైలు మాయమైనా నన్నే పిలుస్తారు. సార్ వచ్చి చెయ్యి పెడితే చాలు, అదే పనిచేస్తుందని నాకో పేరు కూడా ఉంది. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత అని పెద్దలు ఊరికే అనలేదు. ఆ పేరు నమ్ముకునే నా భార్య ఆ ఆదివారం పరీక్షకు కూర్చుంది.

మా ఇల్లు పుంగనూరులో. అమ్మ, నా భార్య అక్కడుంటారు. నేను కుప్పంలో ఇంకో ముగ్గురితో కలిసి ఒక గదిలో ఉంటాను. శనివారం సాయంత్రం పలమనేరులో బస్సు మారి ఇంటికొస్తాను, సోమవారం పొద్దున్నే మళ్ళీ బస్సెక్కుతాను. పెళ్ళయిన ఏడేళ్ళలో ఆరేళ్ళు ఇదే వరస. పిల్లలింకా లేరా అని అడిగే చుట్టాలకు మా బస్సుల టైములు కాగితం మీద రాసిచ్చి పంపాలనిపించేది. నా భార్య ఆ మాట నవ్వుతూ వినేది. తర్వాత వంటింట్లోకి పోయి చాలాసేపు బయటికొచ్చేది కాదు. ఎందుకు రాదో నాకు తెలుసు. తెలిసి కూడా ఏమీ చేయలేకపోవడం కంటే చెడ్డ కోపం ఇంకోటి లేదు.

అలాంటప్పుడు కుప్పంలో ఒక విద్యాసంస్థ లైబ్రరీలో ఉద్యోగం పడింది. నా భార్య పెళ్ళయ్యాక ఇంట్లోనే కూర్చుని, పాత కంప్యూటర్ ముందు, దూరవిద్యలో లైబ్రరీ సైన్సు చదివింది. ఆ ఉద్యోగం వస్తే ముగ్గురం కుప్పంలో ఒకే ఇంట్లో ఉండొచ్చు. రాకపోతే మళ్ళీ పలమనేరు బస్టాండే. అమ్మకు కూడా ఇదంతా విడమరిచి చెప్పాను. ఆమె అంతా విని, కుప్పంలో నీళ్ళెట్లుంటాయని అడిగి, కొట్టంలో ఎనుముకు, అదే మా గేదెకు, కుడితి పెట్టడానికి లేచిపోయింది. ఆమె మనసులో ఏముందో నాకప్పుడు అర్థం కాలేదు. నిజం చెప్పాలంటే అర్థం చేసుకోవాలని నేను చూడలేదు.

పరీక్ష ఇంటినుంచే రాయాలి. ఆదివారం పది నుంచి పన్నెండు. దాని నియమాలు చదువుతుంటే నా తల ప్రాణం తోకకొచ్చింది. మూసిన గదిలో ఒక్కరే ఉండాలట. కెమెరాలో ఇంకో మొహం కనపడకూడదు, ఇంకో గొంతు వినపడకూడదు. నెట్‌సెంటర్లు పనికిరావు. నెట్ మూడుసార్లు తెగితే మన్నిస్తారు, నాలుగోసారి తెగితే పరీక్ష అక్కడికి ముగిసినట్టే. ఈ నియమాలు రాసినాయన మా ఇంటికి ఒక్కసారన్నా వచ్చుంటే అట్లా రాసుండడు.

ఎందుకంటే మాది రాతి మిద్దె. మా తాత కట్టించింది. గోడలు మూరెడు మందం. ఎండాకాలం చల్లగా ఉంటుందని వచ్చినవాళ్ళంతా మెచ్చుకుంటారు గానీ, ఆ గోడలు దాటి లోపలికి ఫోన్ సిగ్నల్ రాదు. ఫోన్ మాట్లాడాలంటే ముందు వసారాలోకి రావలసిందే. కెమెరా ఉన్న కంప్యూటరేమో వెనక గదిలో ఉంది. దాన్ని వసారాలో పెడదామంటే అది వీధి. బస్సు హారన్లు, టమాటా బండ్లు, పలకరించేవాళ్ళు. లాప్‌టాప్ ఒకటుంది గానీ దాని కెమెరా ఎప్పుడో చచ్చిపోయింది. నా భార్య పుట్టిల్లు తంబళ్లపల్లె దగ్గర పల్లె. అక్కడ సిగ్నల్ సంగతి అడిగితే మనల్ని చూసి నవ్వుతారు.

అప్పుడు నాకు తట్టింది. వసారాలో లాప్‌టాప్ పెడితే అది ఫోన్ నుంచి నెట్ అందుకుంటుంది. లాప్‌టాప్ నుంచి ఒక వైరు లాగి వెనక గదిలో కంప్యూటర్‌కు తగిలిస్తే, దీని నెట్ దానికి పంచొచ్చు. కాలేజీలో ఒకసారి చేసిన పనే. నేనుండగా నీకు భయమెందుకని నా భార్యతో అన్నాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

అంత పొడుగు వైరు పుంగనూరులో దొరకలేదు. శుక్రవారం సెలవు పెట్టి మదనపల్లెకు పోయాను. బస్టాండు దగ్గర మూడు షాపులు తిరిగితే నాలుగోదాంట్లో ఇరవై మీటర్ల వైరు దొరికింది. ఆ షాపాయన మంచివాడే, గానీ అన్నీ తెలిసినవాడు. అది ఎంత పనప్పా, ఒక టిక్కు పెడితే అయిపోతాది అన్నాడు. ఇంటికొచ్చి ఆ టిక్కు పెట్టాను. నెట్ రాలేదు. వైరు అటుది ఇటు, ఇటుది అటు మార్చాను. రాలేదు. లాప్‌టాప్‌లో వైరస్ కాపలాకు పెట్టిన ప్రోగ్రామును ఆపాను, రెండింటినీ ఆపి మళ్ళీ వేశాను, నూట తొంభై రెండుతో మొదలయ్యే నాలుగు ముక్కల నెట్ చిరునామాను చేత్తో కొట్టాను. అంతా చేశాక ఏది చేస్తే వచ్చిందో తెలియకుండా నెట్ వచ్చింది. కంప్యూటర్లంటే నాకు కోపమని ఊరికే అనలేదు. తప్పు చేసినప్పుడు చెప్పవు, ఒప్పు చేసినప్పుడూ చెప్పవు.

శనివారం సాయంత్రం పరీక్షకు ముందు పరీక్ష పెట్టుకున్నాం. నా భార్య వెనక గదిలో తలుపేసుకుంది. నేను వసారాలో లాప్‌టాప్ ముందు కూర్చున్నాను. రెండు గంటల్లో ఒక్కసారి కూడా తెగలేదు. ఆమె తలుపు తీసుకుని బయటికొచ్చి, ఏళ్ళ తర్వాత, కుప్పంలో ఇల్లు ఏ వీధిలో చూద్దామని నన్ను అడిగింది. రైలు చప్పుడు వినపడని వీధిలో అన్నాను. వినపడినా ఫరవాలేదు అంది. ఆ పూట మేమిద్దరం మాట్లాడుకున్నన్ని మాటలు ఆ ఏడాదంతా మాట్లాడుకోలేదు.

ఆదివారం పొద్దున నేను వెనక ఉండక తప్పలేదు. వైరు వంటింటి గడప మీదుగా, నడవలోంచి, తలుపు సందులోంచి పోతోంది. ఎవరైనా తొక్కితే ఊడిపోతుంది. గదిలో ఏమన్నా ఇబ్బందైతే నా భార్య మాట్లాడకూడదు కాబట్టి బల్ల మీద రెండుసార్లు తట్టమన్నాను. అది వినడానికి నేను నడవలో కూర్చోవాలి. మరి వసారాలో లాప్‌టాప్‌ను ఎవరు చూస్తారు? వీధిలో మేకలున్నాయి, కుక్కలున్నాయి, పాలకొచ్చేవాళ్ళున్నారు. అమ్మను పిలిచి అప్పజెప్పాను.

"ఎవ్వరినీ తాకనీకమ్మా. దీంట్లోనే ఉండాది మా బతుకంతా," అన్నాను.

అమ్మ ఆ మాటను చాలా పెద్దగా తీసుకుంది. ఉతికిన తువ్వాలు మడతపెట్టి దాని కింద పరిచింది. పీట తెచ్చుకుని ఎదురుగా కూర్చుంది. మేకల కోసం చేతిలో ఒక కర్ర పెట్టుకుంది. ఆమె రెండో తరగతి దాకానే చదివింది. ఆ తెర మీద ఏముందో ఆమెకు తెలియదు. అయినా దాన్ని చూస్తూనే కూర్చుంది.

పదికి పరీక్ష మొదలైంది. పది ఇరవైకి లోపల బల్ల మీద రెండుసార్లు టకటకమని వినపడింది. నేను వసారాలోకి పరుగెత్తాను. అమ్మ పీట మీద కర్రతో సహా కూర్చునే ఉంది. లాప్‌టాప్ తెర మీద పాస్‌వర్డ్ అడుగుతోంది. ఓహో, కాసేపు ముట్టుకోకపోతే తనంతట తానే తాళం వేసుకుందన్నమాట, నిన్న నేను ముందు కూర్చుని కదిలిస్తూ ఉన్నాను కాబట్టి వేసుకోలేదు అనుకున్నాను. పాస్‌వర్డ్ కొట్టాను. ఒక నిమిషానికి నెట్ వచ్చింది. ఎంతసేపైనా నిద్రపోవద్దని దానికి సెట్టింగులో గట్టిగా చెప్పి, కనిపెట్టాను గదా అని నన్ను నేనే మెచ్చుకుంటూ నడవలోకి పోయాను.

పదకొండుకు పది నిమిషాలుందనగా మళ్ళీ టకటక. మళ్ళీ పరుగు. మళ్ళీ అదే పాస్‌వర్డ్. కొడితే నెట్ వచ్చింది. నాకు ఒళ్ళు మండింది. ఎవరన్నా తాకినారా అని అమ్మను అడిగాను.

"నేనుండంగా ఎవురు తాకుతారప్పా?" అంది అమ్మ.

అందులో అబద్ధం లేదు. ఆమె లెక్కలో తాకడమంటే వేరేవాళ్ళు తాకడం. నేను నెట్ ఇచ్చే ఫోన్‌ను కిటికీ మీదినుంచి తీసి స్తంభం దగ్గర పెట్టాను. లాప్‌టాప్ చార్జరు ఊడిందేమోనని నొక్కాను. నా భార్య ఫోన్ తీసుకుని మదనపల్లె షాపాయనకు చేశాను. ఆదివారం పూట ఆయన ఎందుకెత్తుతాడు? ఎత్తలేదు. వైరు నాసిరకం అంటగట్టాడని ఆయన్ను, సిగ్నల్ సరిగ్గా ఇవ్వని ఫోన్ కంపెనీని, ఇంత మందం గోడలు కట్టిన మా తాతను కూడా తిట్టుకున్నాను. ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది నా పని, గానీ అప్పుడు నాకది తెలియదు.

మూడోసారి తెగింది. అప్పటికి పదకొండుంబావు. ఈసారి నా భార్య బల్ల మీద కొట్టిన దెబ్బల్లో ఆమె భయం నాకు వినపడింది. వసారాలోకి పోయేసరికి అమ్మ అప్పుడే పీట మీద కూర్చుంటూ, చేతులకంటిన గడ్డి దులుపుకుంటోంది. నేను ఆ గడ్డిని చూశాను. చూసి కూడా ఏమీ అనుకోలేదు. అంత చదువు చదివి, ఇంతమంది ప్రింటర్లు బాగుచేసి, కళ్ళెదుట ఉన్నది కనపడలేదు నాకు. తొందరలో పాస్‌వర్డ్ రెండుసార్లు తప్పు కొట్టాను. నెట్ వచ్చింది. ఇంక తెగితే అంతే.

ఇక నడవలో కూర్చోలేకపోయాను. అటు పదడుగులు, ఇటు పదడుగులు తిరుగుతూ ఉన్నాను. పదకొండున్నర దాటింది. ఎనుము అరిచింది. నేను సరిగ్గా వసారా గడప దగ్గరికొచ్చాను. అమ్మ పీట మీదినుంచి లేచింది. కర్ర గోడకానించింది. వంగి, రెండు చేతులతో లాప్‌టాప్‌ను నెమ్మదిగా మూసింది. మూసి, వేళ్ళు కళ్ళకద్దుకుని, కొట్టం వైపు తిరిగింది.

అమ్మా అని నేను అరిచిన అరుపుకు వీధిలో పోయేవాళ్ళు ఆగారు. దూకి మూత ఎత్తాను. అది పాస్‌వర్డ్ అడిగింది. లోపల బల్ల మీద టకటకమని వినపడలేదు. కాసేపటికి తలుపు గడియ తీసిన చప్పుడైంది. పన్నెండు కాకుండానే ఆమె తలుపు తీసిందంటే, ఇంక లోపల రాయడానికేమీ మిగల్లేదు.

ఆ తర్వాత నేనన్న మాటలు రాయడానికి సిగ్గుగా ఉంది, అయినా రాస్తాను. కాపలాకు పెడితే కంచే చేను మేసిందన్నాను. ఆరేళ్ళుగా మేము పడేది నీకు కనపడలేదా అన్నాను. అమ్మ ఏం జరిగిందో అర్థంకాక కర్ర చేతికి తీసుకుని నిలబడింది, మేక ఏదన్నా వచ్చిందేమోనని చూస్తూ. అది చూసి నాకు ఇంకా మండింది.

"మేము కుప్పం పోయేది నీకు ఇష్టం లేదు. అందుకే చేసినావు ఇదంతా," అన్నాను.

అమ్మ మొహం అలా మారడం నేనెప్పుడూ చూడలేదు. నాయన పోయినప్పుడు కూడా చూడలేదు. చిన్నగా, తప్పు చేసిన పిల్ల పంతులుకు చెప్పినట్టు చెప్పింది.

"తెరిసిన పుస్తకం ముందర మనిషి లేకుంటే సదివిందంతా పోతాదంటారు గదప్పా. ఆ బిడ్డ లోపల రాస్తాంటే, ఈడ దీన్ని తెరిసిపెట్టి నేనెట్ల లేసిపోయేది? లేసినప్పుడంతా మూసినా, వచ్చి మల్లా తెరిసినా. మీ మామ పుస్తకాలు గూడా నేనే మూసేదాన్ని. వాడు పాసయినాడు."

మా మామంటే ఆమె తమ్ముడు. సోమలలో సేద్యం చేస్తాడు. ఆ ఇంట్లో బడికి పోయింది ఆయనొక్కడే. ఆయన పుస్తకం తెరిచి ఆటకు పరుగెత్తితే, మూసిపెట్టడం అమ్మ పని. నేను పదో తరగతి చదివేటప్పుడు కూడా పుస్తకం మీదే నిద్రపోయేవాణ్ణి. పొద్దున లేచేసరికి అది మూసి ఉండేది, చదివే పేజీలో చీపురుపుల్ల ఉండేది. ఇవన్నీ నాకు తెలియనివి కావు. నా భార్య చదువంతా తెర మీదే సాగడం అమ్మ చూసింది. లాప్‌టాప్ పుస్తకంలాగే తెరుచుకుంటుంది, పుస్తకంలాగే మూసుకుంటుంది. వచ్చేది కూడా పుస్తకాలు చూసుకునే ఉద్యోగమే. ఆమె తనకు తెలిసినంతలో ఆ చదువును కాపాడుతూ కూర్చుంది. దాన్ని మూయొద్దని నేను ఒక్క మాట చెప్పలేదు. దుమ్ము గురించి చెప్పాను, నీళ్ళ గురించి చెప్పాను, మేకల గురించి చెప్పాను. మూత మూస్తే, నేను పెట్టిన సెట్టింగుతో పనిలేకుండా అది నిద్రపోతుంది, నెట్ తెగుతుంది. కాలేజీలో ఎవరైనా నెట్ పోయిందంటే, మూత గానీ వేశారా అన్నదే ముందు నేను అడిగే ప్రశ్న. ఇంట్లో అడగలేదు.

నా భార్య నడవలోంచి వచ్చి ఇదంతా విన్నది. ఆమె కళ్ళు ఎర్రగా ఉన్నాయి. అత్తను ఏమీ అనలేదు. చేతిలోంచి కర్ర తీసుకుని ఆమెను పీట మీద కూర్చోబెట్టి, అన్నం వడ్డిస్తానుండు అత్తా అంది. నాతో మాత్రం ఒకే మాట అంది, అది కూడా నా మొహం చూడకుండా.

"పరీక్ష పోయింది సరే. ఆ మాట ఎందుకన్నారు మీరు?"

మధ్యాహ్నం ఆ పరీక్ష పెట్టినవాళ్ళకు ఫోన్ చేశాం. నియమాలు ముందే చెప్పాం కదండీ అన్నారు. మళ్ళీ ఖాళీ పడితే దరఖాస్తు పెట్టుకోమన్నారు. ఎప్పుడు పడుతుందంటే వాళ్ళకూ తెలియదు. లాప్‌టాప్ వసారాలో తువ్వాలు మీద తెరిచినట్టే ఉంది. అమ్మ దాని పక్కనుంచి నాలుగైదు సార్లు పోయింది. పోయినప్పుడల్లా కొంగు కూడా దానికి తగలకుండా దగ్గరికి లాక్కుంది.

ఎండ తగ్గాక సోమల మామ వచ్చాడు. భుజాన పశువును కట్టే కొత్త పలుపుతాడు ఉంది. ఆయన వస్తున్నట్టు నాకెవరూ చెప్పలేదు. వసారా మెట్టు మీద కూర్చుని నీళ్ళు తాగి, ఇంటిచుట్టూ ఒకసారి చూసి, సామానేమీ కట్టలేదేమని అడిగాడు. ఏ సామాను అన్నాను.

"మీ అమ్మ పది దినాల ముందరే సెప్పి పంపింది గదప్పా. అందరం కుప్పం పోతాండాము, పరీచ్చ అయినంక వచ్చి ఎనుమును తోలకపో అని. పాలోళ్ళకు గూడా వేరే సూసుకోమని సెప్పేసిందంట."

నేను నా భార్య వైపు చూశాను. ఆమెకు కూడా తెలియదు. ఆ ఎనుమును అమ్మ దూడప్పటి నుంచి సాకింది. నాయన పోయాక ఆమె పొద్దు గడిచింది దానితోనే. పండక్కి పుట్టింటికి పోయినా, దానికి కుడితి ఎవరు పెడతారని సాయంత్రానికే తిరిగొచ్చేది. అలాంటిదాన్ని మాకు ఒక్క మాట చెప్పకుండా ఇచ్చేయడానికి సిద్ధపడింది, కుప్పం రావడానికి. ఆ మనిషిని పట్టుకుని, నీకు ఇష్టం లేదు అన్నాను నేను.

జరిగింది నా భార్యే మామకు చెప్పింది. నేనన్న మాట తప్ప అంతా చెప్పింది. మామ తల పట్టుకున్నాడు. తర్వాత పలుపుతాడు చుట్టచుట్టి పక్కన పెట్టి, అయితే ఇంగ యాల తోలకపోయేది, ఉండనీలేక్కా అన్నాడు. అమ్మ కొట్టం గుంజ దగ్గర నిలబడి ఎనుము మెడ నిమురుతోంది. వెనక్కి తిరక్కుండానే చెప్పింది.

"వద్దు, తోలకపో. ఆ బిడ్డ మల్లా రాస్తాది. ఇది ఉంటే నేను లేసేది తప్పదు. ఈసారి ఈడ్నించి లేసే పనే పెట్టుకోను."

మామ నా వైపు చూశాడు. అమ్మ చేతులు పట్టుకుని తప్పయిందమ్మా అనాలనిపించింది. అనలేకపోయాను. అరిచేటప్పుడు మాత్రం వీధి వీధంతా వినపడేట్టు వస్తాయి నాకు మాటలు. మామ పలుపు మార్చి కట్టి ఎనుమును తోలుకుని బయల్దేరాడు. అమ్మ వీధి మలుపు దాకా దాని వెంట పోయింది. ఆమె తిరిగొచ్చేలోపు నేను వసారాలో పీట మీద కూర్చుని, రెండు చేతులతో లాప్‌టాప్ మూత, అమ్మ మూసినట్టే నెమ్మదిగా మూశాను.